మూడు చుక్కలు, ఒక వాలు గీత

విశాఖపట్నం,
ఏప్రిల్ 20

పెద్దనాయనకు ఇళవరసి రాసేది.

క్షేమంగా చేరినాను. ఫోన్ చేస్తే ఇరవై తూర్లు "ఆఁ?" అని, చివరికి ఏమీ వినపడకపోయినా "సరి, సరి" అని పెట్టేస్తావు. రాళ్ళకు మందు పెట్టి పేల్చి పేల్చి నీ చెవులు పోగొట్టుకున్నావు, ఈ కాలంలో నేను పోస్టాఫీసు వెతుక్కోవలసి వచ్చింది. ఇంట్లో మాట్లాడే మాటే రాస్తున్నాను. అక్షరాలు మాత్రం తమిళం, మనిద్దరికీ వచ్చింది అదే కాబట్టి.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. మన ఇంటి వాకిలి దాటితే వినపడని మాట ఇక్కడ ఊరంతా వినపడుతుంది. కండక్టరు, పోలీసు, చేపలమ్మే ఆమె, అందరిదీ మన మాటే. మొదటి రోజు బస్సులో కూర్చొని ఊరకనే వింటూ ఉండిపోయినాను, కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నేను నోరు తెరిస్తే మాత్రం నవ్వుతారు. ధర్మపురి అంటే గోదావరి ఒడ్డు ధర్మపురా అని అడుగుతారు. తమిళనాడు అంటే, మరి తెలుగు ఎలా వచ్చింది అంటారు. మా ఇంట్లో తరతరాలుగా ఇదే మాట అంటాను. అయినా ఒక్క బోర్డు కూడా చదవలేను, నంబరు చూసి బస్సు ఎక్కుతాను.

పని బాగుంది. సముద్రపు గోడకు మరమ్మతు చేస్తున్నారు. దానికి పోసే కాంక్రీటు దిమ్మెలు ఎంత బరువు తట్టుకుంటాయో పరీక్షించి రాసేది నేను. మన ఇంట్లో ఇన్ని తరాలు రాయి కొట్టినారు, నేను సిమెంటు రాయిని పగలగొట్టి జీతం తీసుకుంటున్నాను, నవ్వుకో.

ఇంకొకటి. నేను బయలుదేరే రోజు సరసమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని బస్టాపు దాకా వచ్చింది. "మీ మారెప్ప పెద్దనాయన ఆ రేవులోనే ఓడ ఎక్కినాడు. ముసలోళ్ళు ఎవరన్నా మిగిలి ఉంటారు, ఒకమాట అడుగమ్మా" అనింది. మా నాయనకు అన్నలు మీరిద్దరూ ఇక్కడ సముద్రంలో వేసిన రాతికట్ట పనికి వచ్చినారని, మీ అన్న ఓడలో పనికి కుదిరి వెళ్ళిపోయినాడని, నువ్వు ఒక్కడివే తిరిగి వచ్చినావని, మా పిల్లకాయలకు తెలిసింది అంతే. వళ్ళి అక్కను అడుగుదామంటే, తండ్రి పేరు ఎత్తగానే "కడుపులో ఉన్న బిడ్డను వదిలి పోయినోడు" అని మొగం తిప్పుకుంటుంది.

నువ్వు ఈ ఊరి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆదివారాలు నాకు సెలవు. ఎక్కడెక్కడ తిరగాలో రాయి.

ఇళవరసి

*

తొప్పూరు,
మే 4

అమ్మా ఇళవరసీ,

ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ నాకు ఉత్తరం ఇవ్వడం ఇదే మొదటిసారి అని టీ అంగడిలో అందరికీ చెప్పినాడు. ఇక్కడ ఎండ మండిపోతుంది. ఘాటురోడ్డులో మొన్న ఒక లారీ బోల్తా పడి దోవంతా టమాటాలు. సరసమ్మ వదినకు మళ్ళీ ఆయాసం వచ్చింది, ధర్మపురి ఆసుపత్రికి పిలుచుకొని పోయినాను. గుండె బలహీనంగా ఉందన్నారు. మాత్రలు ఇచ్చినారు, వేసుకోమంటే రేపు అంటుంది.

తిరగడానికి అడిగినావు, చెబుతాను విను. కురుపాం మార్కెట్ అని ఉంటుంది, ముందర పెద్ద కమాను. తొమ్మిదిన్నరకు దాని కింద నిలబడి అక్కడినుండి బయలుదేరు. దగ్గరలోనే ఇంగ్లీషు రాణి బొమ్మ ఉంటుంది. మొగం చూస్తే ఎవరిమీదో అలిగినట్టు ఉంటుంది. అది చూసి టౌన్‌హాలు దగ్గరికి పో. ఆ కట్టడంలో రాయి మీద రాయి ఎలా కూర్చోబెట్టినారో చూడు, సందులో గోరు కూడా దూరదు. ఆ తరువాత రేవు వైపు నడిస్తే పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. మూడూ ఎక్కు, చర్చి కొండ చివర్లో ఎక్కు. పైనుంచి రేవు అంతా కనపడుతుంది, ఎదురుగా సముద్రంలోకి ముక్కు పెట్టుకొని పడుకున్న పెద్ద కొండ, దాని మీద దీపస్తంభం. దిగి పడవ రేవు దగ్గరికి పో. అక్కడినుండి తిరిగి వచ్చెయ్. అవతల చూడడానికి ఏమీ లేదు.

ఒక్కో చోటికి ఎంత సేపు పట్టిందో గడియారం చూసి రాయి. పరుగెత్తవద్దు. ఇరవై ఏండ్ల మనిషి కొత్త చొక్కా వేసుకొని ఊరు చూస్తూ పోతే ఎలా పోతాడో అలా పో. ఎందుకని అడగవద్దు, ముసలోడికి పొద్దు పోవాలి కదా.

వదిన చెప్పిన పని పెట్టుకోవద్దు. ఓడలో పోయినవాడు రేవులో అడ్రసు రాసిపెట్టి పోడు. రాతికట్ట మీదికి కూడా పోవద్దు.

పెరియసామి

*

విశాఖపట్నం,
మే 18

పెద్దనాయనకు,

నువ్వు చెప్పినట్టే తిరిగినాను. నీకు ఇంత జ్ఞాపకం ఉంటే, నిన్న తిన్న కూర ఏదని అడిగితే మాత్రం ఎందుకు తెల్లమొగం వేస్తావో తెలియదు.

తొమ్మిదిన్నరకు కమాను కింద ఉన్నాను. ఆదివారం కూడా మార్కెట్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. రాణి దగ్గరికి నిదానంగా పది నిమిషాలు. అలక ఇంకా తీరలేదు, తలమీద కాకి కూర్చొని ఉంది. టౌన్‌హాలు చేరేసరికి పది గంటలు. గోరు పెట్టి చూసినాను, నిజమే, దూరలేదు. వాచ్‌మన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు. వెంకటేశ్వరుడి కొండ మీద పదిన్నర. తీర్థం తీసుకొని, కాసేపు కూర్చొని, దర్గా కొండ ఎక్కేసరికి పదకొండు దాటింది. అక్కడ ఒక ముసలాయన నెమలీకల కట్టతో తలమీద తట్టి, పటిక బెల్లం ముక్క ఇచ్చినాడు. చర్చి కొండ మీదికి చేరినప్పుడు పదకొండూ నలభై. మెట్లు ఎక్కి వస్తే ఆయాసం, కానీ పైన గాలి తగలగానే అంతా మరిచిపోయినాను. కింద కాలువలాగా రేవు దారి, దానిలో పెద్ద ఓడ ఒకటి నిదానంగా, వీధిలో ఆవు నడిచినట్టు వచ్చింది. పన్నెండింటికి ఎక్కడో సైరన్ మోగింది. దిగి పడవ రేవు దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర.

నీ కాలంలో తెప్పలు ఇసుక మీద ఉండేవేమో. ఇప్పుడు అక్కడ చేపల రేవు కట్టినారు, వందల మరపడవలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. వాసన గురించి రాయను, నువ్వు అన్నం తినేటప్పుడు చదువుతావేమో.

ఒకటి అడుగుతాను. ఇదంతా నువ్వు ఒకే రోజులో చూసినట్టు రాసినావు. ఆ రోజు పని లేదా? సెలవు ఇచ్చే కాలమా అది? పడవ రేవు దగ్గర ఎందుకు తిరిగిపోయినావు?

నిన్న వళ్ళి అక్క ఫోన్‌లో పెద్దమ్మ మాట్లాడింది. "ఎవరినన్నా అడిగినావా?" అనింది. ఇంకా లేదని చెప్పినాను. "ఆడి నెల లోపల అడుగమ్మా, మళ్ళా ఆడి నేను చూస్తానో లేదో" అనింది. నేను అడగకుండా ఎలా ఉండేది?

ఇళవరసి

*

తొప్పూరు,
జూన్ 9

ఇళవరసికి,

పనికి పోయినావు, పని చూసుకో. ఊరిలో కనపడిన ముసలోళ్ళనందరినీ ఆపి యాబై ఏండ్ల కిందటి సంగతి అడిగితే నిన్ను చూసి నవ్వుతారు. వదినకు నేను సమాధానం చెప్పుకుంటాను.

ఆడి నెల పద్దెనిమిదో నాటి పండగకు, ఆడి పదినెట్టుకు, ఎప్పటిలాగే ఆమెను హొగేనక్కల్‌లో కావేరి స్నానానికి తీసుకొని పోవాలి. ఆయాసం ఉంది, వద్దంటే వినదు. తాళికి కొత్త పసుపుతాడు కొనిపెట్టమని ఇప్పుడే అడుగుతుంది.

ఒక్క సంగతి మాత్రం సరిగా రాయి. సైరన్ మోగినప్పుడు నువ్వు చర్చి కొండ మీదనే ఉన్నావా, దిగడం మొదలుపెట్టినావా? ఊహించి రాయవద్దు. జ్ఞాపకం లేకపోతే ఇంకొక ఆదివారం పోయి చూసి రాయి. కొండమీద ఉంటే, ఏ పక్కకు తిరిగి ఉన్నావో కూడా రాయి.

పెరియసామి

*

విశాఖపట్నం,
జూన్ 29

పెద్దనాయనకు,

మళ్ళీ పోయినాను. అదే కమాను, అదే నడక. సైరన్ మోగినప్పుడు నేను చర్చి కొండ మీదనే ఉన్నాను. సముద్రం వైపు తిరిగి ఉన్నాను. అక్కడ నిలబడిన వాళ్ళెవరూ ఇంకో పక్కకు తిరగరు. ఎదురుగా రాతికట్ట కనపడుతుంది.

నీ ప్రశ్నకు జవాబు ఇచ్చినాను కదా. ఇప్పుడు నేను చేసింది చెబుతాను, కోపం చేసుకోవద్దు. పడవ రేవు దగ్గర తిరిగి రాలేదు. అవతల ఏమీ లేదన్నావు, చూద్దామని పోయినాను. చేపల రేవు దాటి, వలలు ఆరేసిన సందుల్లో నడిస్తే మత్స్యకారుల పాత శ్మశానం వస్తుంది. చిన్నది, చుట్టూ ఇండ్లు వచ్చేసినాయి. దాని చివర సముద్రం వైపు మోకాలెత్తు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. నల్లరాయి, నాలుగు పక్కలా చెక్కినది. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ముందర అగరువత్తులు వెలిగించినారు. ఊరి దేవతేమో అనుకొని చెప్పులు విడిచి దండం పెట్టినాను.

తల ఎత్తితే కనపడింది. కుంకుమ పెట్టిన చోట మూడు చుక్కలు. వాటి పైన ఒక వాలు గీత.

మన రుబ్బురోలు మీద ఉన్న గుర్తు నేను మూడేండ్ల పిల్లప్పటినుండి వేలితో తడుముతూ పెరిగినాను. మన ఇంట్లోవాళ్ళు చెక్కిన ప్రతి రాయికీ పైన మూడు చుక్కలు, కింద వాలు గీత. మన ఇంట్లో ఎవరన్నా పోతే వాళ్ళ రాయికి మాత్రమే దాన్ని తలకిందులు చేసి, గీత పైన, చుక్కలు కింద చెక్కుతారని తాత రాయి దగ్గర నువ్వే నాకు చెప్పినావు. ఈ ఊరిలో బోర్డులన్నీ నాకు గోడలే. నేను చదవగలిగిన రాత అది ఒక్కటే, చదివినాను.

అక్కడ వల బాగుచేసుకుంటూ నూకాలమ్మ అని ఒక ముసలామె కూర్చొని ఉంది. ఎవరి రాయి ఇది అని అడిగినాను. ఆమె మాట ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"రాయిబాబు అంటామమ్మా. పేరు తెలీదు. కట్టమీద పన్జేసీవోడు, కెరటం లాగేసింది. మా మావ తెప్పేసుకుని ఎల్లి తీసేడు. ఆడి తమ్ముడు రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకండా ఇక్కడే కూకుని ఈ రాయి సెక్కేడంట. ఎల్లిపోయినప్పుడు మా అత్త సేతులట్టుకుని, మా వోళ్ళొత్తారు, అందాకా సూసుకోండి అన్నాడంట. మా అత్త పోతా పోతా నాకు సెప్పింది. సేపల ఏటకెళ్ళీ ముందు పసుపూ కుంకం ఎడతాం. ఇంతకీ నువ్వెవలమ్మా? ఎందుకలా ఏడుత్తన్నావు?"

ఆయన మావాడే అని చెప్పినాను. ఆమె నా మొగం చూసి, "ఇన్నాళ్ళకా" అని ఒక్క మాట అనింది.

ఓడ ఎక్కినాడని మాకందరికీ చెప్పింది నువ్వు. చెప్పు పెద్దనాయనా.

ఇళవరసి

*

తొప్పూరు,
జులై 10

అమ్మా ఇళవరసీ,

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. నాలుగు తూర్లు రాసి చించినాను. ఈ తూరి చించను.

ఆ రాయికి పసుపు పెడుతున్నారని చదివి, పోయి మన రుబ్బురోలు మీది గుర్తు వేలితో తడిమి చూసుకున్నాను. నేను ఆ ముసలామె అత్తకు మాట ఇచ్చి వచ్చినాను. ఆమె మాట నిలుపుకుంది. నేను నిలుపుకోలేదు.

నాకు అప్పుడు ఇరవై ఏండ్లు, మా అన్నకు ఇరవై నాలుగు. బయటి హార్బరుకు సముద్రంలో రాతికట్ట వేస్తున్నారని మేము ఇద్దరమూ పోయినాము. ఒకరోజు ఒకరు కట్ట మీద, ఒకరు క్వారీలో, మార్చి మార్చి చేసేవాళ్ళం. కట్ట మీద పని అంటే, దించిన రాళ్ళను గడ్డపారతో కదిపి ఒకదానికొకటి సర్ది కూర్చోబెట్టడం. ఆ రోజు కట్ట మీద వంతు నాది. ముందు రోజు నేను కొత్త చొక్కా కొనుక్కున్నాను. ఊరు చూడాలని మనసు లాగింది. పొద్దున లేచి కడుపునొప్పి అన్నాను. మా అన్న నా నుదురు ముట్టి చూసి, "పడుకో, నీ వంతు నేను పోతాను" అన్నాడు. గంజి కాచి పక్కన పెట్టి పోయినాడు. ఆయన అటు పోగానే నేను చొక్కా వేసుకొని ఇటు బయటపడినాను.

నువ్వు తిరిగినదంతా నేను ఆ రోజు తిరిగినదే. రాణిని చూసి నవ్వినాను, దర్గాలో పటిక బెల్లం తిన్నాను. పడవ రేవు దగ్గరికి దిగినప్పుడు జనం గుంపుగా ఉన్నారు. ఒక తెప్ప వచ్చింది. దాని మీద మా అన్నను పడుకోబెట్టి ఉన్నారు. మనుషులను అడిగితే, పన్నెండు గంటల సైరన్ మోగుతూ ఉండగా పెద్ద కెరటం లేచి కట్టమీద నుంచి లాక్కుపోయిందన్నారు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఎవరి తప్పూ లేదు, నాది తప్ప.

ఇళవరసీ, ఆ సైరన్ మోగినప్పుడు నేను ఎక్కడ ఉన్నానో నాకు యాబై ఏండ్లుగా తెలియదు. దర్గాలోనా, చర్చి కొండ మీదనా, మెట్లు దిగుతూనా. నా చేతికి గడియారం లేదు. అందుకే నిన్ను నడిపించినాను. ఒకటి మాత్రం బాగా జ్ఞాపకం ఉంది. చర్చి కొండ మీద నిలబడి కట్టను చూసినాను. మనుషులు చీమల మాదిరి కదులుతున్నారు. వాళ్ళలో మా అన్న ఉన్నాడని తెలుసు, బాగా మోసం చేసినానని నవ్వుకున్నాను. అప్పుడు కట్ట చివర తెల్లగా ఒక కెరటం లేచింది. ఎంత బాగుందో అనుకున్నాను.

అది ఆ కెరటం కాదని, ఇంకేదో కెరటమని, అది లేచినప్పుడు సైరన్ మోగలేదని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు రెండు తూర్లు నడిచి రెండు తూర్లూ అదే రాసినావు. ఇంక చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇంటికి వచ్చినప్పుడు వదినకు ఎనిమిదో నెల. మా అమ్మను పెరట్లోకి పిలిచి చెప్పినాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చి, "కాన్పు అయ్యేదాకా దానికి చెప్పవద్దు" అనింది. అందుకని ఓడ ఎక్కినాడని చెప్పినాను. వళ్ళి పుట్టింది. పాలు మరిచేదాకా ఆగు అనింది. ఆ లోపలే మా అమ్మ పోయింది. తరువాత ఆడి వచ్చింది. మొగుడు ఉన్న ఆడవాళ్ళు అందరూ కావేరిలో తాడు మార్చుకోవడానికి పోతుంటే, వదిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చి, "మీ అన్న ఉంటే తాడు ఆయన కొనిచ్చేవాడు. ఈ తూరికి నువ్వు కొనివ్వు" అనింది. హొగేనక్కల్‌లో కొనిచ్చినాను. ఆ పసుపుతాడు చేతికి ఇచ్చిన నిమిషంలోనే నేను చెప్పలేనివాణ్ణి అయిపోయినాను. ఆ తరువాత యాబై ఆడిలు.

నా అన్నను ఊరంతా పెండ్లాన్ని వదిలి పారిపోయినోడు అన్నారు. వళ్ళి కూడా అనింది. నా అన్న నాకు గంజి కాచిపెట్టి పోయినాడు. నేను వింటూ ఊరకున్నాను. నా చెవులు పోయింది మందుగుండుతో కాదేమో అని కొన్నిసార్లు అనుకుంటాను.

పెరియసామి

*

విశాఖపట్నం,
జులై 18

పెద్దనాయనకు,

నీ ఉత్తరం చదివి నీమీద చాలా కోపం వచ్చింది. నువ్వు నన్ను భుజం మీద ఎత్తుకొని బొమ్మిడి స్టేషనుకు రైలు చూపించడానికి తీసుకొని పోయినవాడివి కాబట్టి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఇరవై ఏండ్ల పిల్లవాడు చేసిన తప్పు గురించి నేను ఏమీ అనను. నేను కూడా సెలవు కోసం జ్వరం అని చెప్పినదాన్నే. కానీ నువ్వు సైరన్ గురించి అడిగినావు, ఏ పక్కకు తిరిగి ఉన్నావని అడిగినావు. పెద్దమ్మ ఎక్కడ నిలబడి ఉందో ఒక్కసారైనా అడిగినావా? ఆమె అటు భార్యా కాదు, ఇటు వితంతువూ కాదు. మొగుడు విడిచిన ఆడదని పేరు మోసుకొని నడి వీధిలో నిలబడి ఉంది. మారెప్ప పెద్దనాయనకు ఒక పిండం లేదు, ఒక దీపం లేదు, బిడ్డ నోట మంచి మాట లేదు. ఎవరో బెస్తవాళ్ళు పసుపు పెడితే ఉంది, అంతే.

ఆడి పదినెట్టుకు ఇంకా పదహారు రోజులు ఉన్నాయి. ఆ తాడు ఆమె చేతికి ఇచ్చే ముందు చెప్పాలి. నేను ఫోన్‌లో చెప్పను. వళ్ళి అక్కకు కూడా చెప్పను. చెప్పవలసింది నువ్వు. ఆమె గుండె ఆగిపోతుందని భయపడుతున్నావేమో. నాకూ భయంగానే ఉంది. ఆమె తెలియకుండానే పోతుందనే భయం అంతకన్నా పెద్దది.

నువ్వు చెప్పకుండా తాడు ఇచ్చినావని తెలిస్తే, నేను మళ్ళీ నీకు ఉత్తరం రాయను.

ఇళవరసి

*

తొప్పూరు,
ఆగస్టు 5

అమ్మా ఇళవరసీ,

చెప్పినాను.

వళ్ళిని రావద్దని, వదినను ఒక్కదాన్నే తీసుకొని పోయినాను. బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు, ఒక పుణ్యాత్మురాలు లేచి వదినకు సీటు ఇచ్చింది. హొగేనక్కల్ ఎప్పటిలాగే ఉంది. చేపలు వేయించే పొగ, నూనె మర్దనం చేసేవాళ్ళ పిలుపులు, గుండ్రటి పరిసల్ పుట్టీలు తలమీద బోర్లించుకొని పోయేవాళ్ళు. కొత్త నీళ్ళు ఎర్రగా వచ్చినాయి. నేను దుకాణం దగ్గర ఆగి తాడు కొన్నాను. కొనకుండా పోయి చెబుదామని అనుకున్నాను, చెయ్యి అలవాటు కొద్దీ పోయింది.

స్నానాల మెట్ల దగ్గర ఆమె చెయ్యి చాచింది. తాడు నా పిడికిట్లోనే పెట్టుకొని చెప్పినాను. కడుపునొప్పి అబద్ధం నుండి మొదలుపెట్టి రాయి దాకా, కెరటం బాగుందని అనుకున్నది కూడా, ఒక్కటీ వదలలేదు. నేను ఎంత గట్టిగా చెప్పినానో నాకు తెలియదు, పక్కన స్నానం చేసే ఆడవాళ్ళు తిరిగి చూసినారు.

ఆమె ఏడవలేదు. నా మొగం చూస్తూ మాట్లాడింది. చాలా సేపు మాట్లాడింది. నాకు ఒక్క మాట వినపడలేదు. నా చెవుల సంగతి నీకు తెలుసు, దానికి తోడు ఆ నీళ్ళ హోరు. ఆమె పెదాలు కదలడం మాత్రం చూసినాను. యాబై ఏండ్లు ఆ మాటలకు భయపడి బతికినాను, అవి వచ్చినప్పుడు వినలేకపోయినాను. మళ్ళీ చెప్పమని అడిగే ధైర్యం లేదు.

మాట్లాడి ముగించి, ఆమే మెడలో చెయ్యి పెట్టి పాత తాడు తీసింది. దాన్ని నీళ్ళలో వెయ్యలేదు, కొంగున ముడి వేసుకుంది. కొత్త తాడు నా చేతిలోనుండి తీసుకొని అది కూడా ముడి వేసుకుంది. తరువాత నాకు చెయ్యి చాచింది. పట్టుకున్నాను. మూడు మెట్లు దిగి తల ముంచింది. నేను పట్టుకొనే ఉన్నాను.

ఇంటికి వచ్చినాక నొసటన బొట్టు లేదు. వళ్ళిని పిలిచి ఏదో చెప్పింది. వళ్ళి రెండు రోజులుగా నా వైపు చూడడం లేదు, కానీ వాళ్ళ నాయన గడ్డపార అటక మీద నుంచి దించి, తుప్పు గీకి, నూనె పూసింది.

ఇళవరసీ, ఆ మాటలు ఏమిటో వదినను అడిగి నాకు రాయి. తిట్లు అయినా మార్చవద్దు. నన్ను కాపాడవద్దు.

పెరియసామి

*

విశాఖపట్నం,
ఆగస్టు 17

పెద్దనాయనకు,

పెద్దమ్మతో మాట్లాడినాను. నువ్వు అడుగుతావని ఆమెకు ముందే తెలుసంట. "నేను నిదానంగా చెబుతాను, నువ్వు రాసుకో" అనింది. రెండు తూర్లు చెప్పింది. ఒక్క మాట కూడా మార్చలేదు.

"పెరియసామీ, రానోడు అని ఆయన్ని నేను తిట్టని దినం లేదు. వళ్ళికి కూడా తిట్టేది నేర్పిస్తిని. ఆయన మన్నులో ఉండి అదంతా వినె. ఆ తిట్లు నేను ఇప్పుడు ఎట్ల వెనక్కి తీసుకొనేది? సైరన్ కూసినప్పుడు నువ్వు యాడుంటివో నాకు అక్కరలేదు. కడుపునొప్పి అని అబద్ధం చెప్పినోడు ఇరవై ఏండ్ల పిల్లోడు, వాణ్ణి విడిచిపెడుతుండా. నాకు తాడు కొనిచ్చినోణ్ణి విడిచిపెట్టను. చచ్చేదాకా విడిచిపెట్టను. ఇప్పుడు చెయ్యి ఇయ్యి, మెట్టు జారుతుంది."

ఇంతే. కాపాడవద్దన్నావు, కాపాడలేదు.

వచ్చే నెల, పురట్టాసి పుట్టినాక ఆమె ఇక్కడికి వస్తానంటుంది. డాక్టరు ఏమన్నా వస్తానంటుంది. వళ్ళి అక్క టికెట్లు చూస్తుంది. నూకాలమ్మకు చెప్పినాను, ఆమె కోడలిచేత శ్మశానం దోవలో ముళ్ళు కొట్టించింది. కొంగున ముడి వేసిన రెండు తాళ్ళూ ఆ రాయి దగ్గర విడవాలంట. నువ్వు కూడా రావాలంట. చర్చి కొండ ఎక్కక్కరలేదు, నేరుగా రాయి దగ్గరికి రావాలంట.

ఉలీ సుత్తీ తెచ్చుకో. ఆ రాయి మీద పేరు లేదు. పేరు చెక్కాలని పెద్దమ్మ చెప్పింది, అది నువ్వే చెక్కాలంట. చేతులు వణుకుతాయని సాకు చెప్పకూడదంట. తమిళ అక్షరాల్లోనా అని అడిగితే, "ఇన్నాళ్ళు చూసుకున్న వాళ్ళకు పేరు తెలియద్దా, వాళ్ళు చదివే అక్షరాల్లో" అనింది. నేను నెలన్నరగా మా ఇంటి ఓనరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతున్నాను. ఇప్పుడు బస్సు బోర్డులు చదువుతాను.

ఆయన పేరు తెలుగులో ఈ ఉత్తరం చివర రాసినాను, ఓనరమ్మకు చూపిస్తే సరిగా ఉందనింది. పోయి రాయి కొలత కూడా తీసుకున్నాను. పైన వాలు గీత, దాని కింద మూడు చుక్కలు ఉన్నాయి కదా, ఒక్కో చుక్క కింద ఒక్కో అక్షరం సరిపోతుంది. నీకు ఈ అక్షరాలు రావు, కాబట్టి వంకర ఎక్కడ తిరిగిందో చూసి, ఇంట్లో ఏదైనా పాత రాయి మీద చెక్కి చెక్కి చేతికి అలవాటు చేసుకో. తప్పు రాకూడదు. ఇక్కడ అందరూ చదువుతారు.

మారెప్ప